రుచులు దోచిన మాంత్రికుడు

అనగా అనగా, మన తాతలకు తాతలైనవాళ్ళు కూడా పుట్టకముందు మాట. సుగంధిపురం అనే రాజ్యాన్ని ధవళవర్మ అనే రాజు ఏలుతుండేవాడు. ఆయన భార్య సుమనాదేవి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు రుద్రకేతు, నడిమివాడు చంద్రకేతు, చిన్నవాడు మణికేతు.

ముగ్గురూ మంచివాళ్ళే. కత్తి పట్టినా, గుర్రమెక్కినా ఒకరికి ఒకరు తీసిపోరు. కానీ భోజనానికి కూర్చుంటే మాత్రం ముగ్గురివీ మూడు దారులు. పెద్దవాడికి కారం లేనిదే ముద్ద దిగదు. నడిమివాడికి కారం నాలిక్కి తగిలితే కళ్ళమ్మట నీళ్ళు. వాడికి పెరుగూ, నెయ్యీ, చప్పటి పప్పూ ఉంటే చాలు. చిన్నవాడికి పులుపంటే ప్రాణం, తీపంటే గిట్టదు. ఆ గిట్టకపోవడం కూడా మామూలుగా కాదు. పరమాన్నం వాసన తగిలితేనే వాడికి గొంతు మూసుకుపోయేది. పండగపూట అందరూ తింటుంటే వాడొక్కడూ తలవంచుకుని కూర్చునేవాడు. తనలో ఏదో లోపముందని వాడికి లోపల్లోపల సిగ్గుగా ఉండేది.

రోజూ పీటల దగ్గర ముగ్గురికీ తగువే. రాజుకది పెద్ద దిగులైపోయింది. ఒక్క గిన్నెలోది పంచుకోలేనివాళ్ళు రేపు ఒక్క రాజ్యాన్ని ఎలా పంచుకుంటారని ఆయన బాధ. ఒకసారి పొరుగు రాజు చుట్టపుచూపుగా వచ్చి, తన చేత్తో పరమాన్నం వడ్డిస్తే మణికేతు విస్తరి పక్కకు జరిపాడు. ఆ రాజు చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. ఆరోజు ధవళవర్మ కొడుకుతో మాట్లాడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే భస్మజటుడనే మాంత్రికుడు కొలువుకొచ్చాడు. బూడిదరంగు జడలు, మోకాళ్ళ దాకా గడ్డం, మాట మాత్రం వెన్నలాగా మెత్తన. రాజు దిగులంతా తనకు తెలుసన్నాడు. ఒక్క పెద్ద కాగులో తాను పరమాన్నం వండుతాననీ, ఊళ్ళో ప్రతివాళ్ళూ ఒక్క ముద్ద తింటే చాలు, అందరికీ ఒకే రుచి ఇష్టమవుతుందనీ, ఆపైన ఏ విస్తరి దగ్గరా తగువుండదనీ చెప్పాడు. రాజు సంతోషంగా ఒప్పుకున్నాడు.

కోట ముంగిట కాగు పెట్టారు. ఊరంతా వరసలో నిలబడి తలా ఒక ముద్ద తిన్నారు. రాజు తిన్నాడు, రాణి తిన్నది, పెద్దకొడుకులిద్దరూ తిన్నారు. మణికేతు వంతు వచ్చింది. తండ్రి వాడి వంక చూసిన చూపుకు వాడు కాదనలేక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఎంత ప్రయత్నించినా అది గొంతు దిగలేదు. ఎవరూ చూడకుండా ఏనుగుల సాల వెనక్కి వెళ్ళి ఊసేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

మర్నాటినుంచి సుగంధిపురంలో అందరిదీ ఒకే మాట. పొద్దున పరమాన్నం, మధ్యాహ్నం పరమాన్నం, రాత్రి పరమాన్నం. అన్నదమ్ములు తగువులాడుకోలేదు. రాజు పొంగిపోయాడు. నెల గడిచింది. మిరపతోటలు నీళ్ళు పెట్టేవాళ్ళు లేక ఎండిపోయాయి. చింతకాయలు రాలి చెట్ల కిందే కుళ్ళిపోయాయి. రెండో నెలకు ఆ పరమాన్నం కూడా ఎవరికీ రుచించడం మానేసింది. ఏది తిన్నా మట్టి తిన్నట్టే ఉండేది. జనం తినడం తగ్గించారు, తరవాత మాట్లాడుకోవడం తగ్గించారు. తల్లులు పిల్లల్ని అన్నానికి పిలవడం మానేశారు. సుమనాదేవి మంచం పట్టింది. చెక్కిళ్ళు లోపలికి పోయి, చేతి గాజులు మోచేతుల దాకా జారుతున్నాయి.

మాంత్రికుడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. ముద్ద మింగని తన నాలుక్కి మాత్రమే రుచి మిగలడం చూసి, వాడు అందరి నాలికలమీది రుచినీ మూటగట్టుకుని మరీ వెళ్ళాడని మణికేతుకు అర్థమైంది. వాడు అన్నల దగ్గరికెళ్ళి, ముగ్గురం కలిసి ఆ మాంత్రికుణ్ణి వెతుకుదాం రమ్మన్నాడు. పెద్దన్న గోడవంక చూస్తూ ఎందుకన్నాడు. నడిమన్న ముసుగుతన్ని పడుకున్నాడు. చివరికి మణికేతు తల్లి పాదాలకు దణ్ణం పెట్టి, మూటలో వేయించిన జొన్నలూ, ఉప్పూకారం కలిపిన చింతపండూ కట్టుకుని ఒక్కడే బయలుదేరాడు.

పోగా పోగా ఒక కారడవి వచ్చింది. అక్కడొక ఎలుగుబంటి తన కూనను చావగొడుతూ కనిపించింది. తేనెపట్టు ముందు పెట్టి తినమంటోంది. కూన మూతి తిప్పేసుకుంటోంది. దాని పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్నాయి.

మణికేతు దగ్గరికెళ్ళి ఎందుకు కొడుతున్నావని అడిగాడు. తల్లి ఎలుగుబంటి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా వంశంలో తేనె వద్దన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు అబ్బాయీ. వీడు తినడు. తినకపోతే చస్తాడు. కొట్టక ఏం చెయ్యను?"

మణికేతు ఆ కూన మొహం చూశాడు. ఆ మొహం వాడికి తెలిసిన మొహమే. అడవిలో తిరిగి రేగుపళ్ళు తెచ్చాడు, కూన వాసన చూసి వదిలేసింది. చెదలు తెచ్చాడు, వదిలేసింది. ఇప్పచెట్టు కింద రాలిన పూలు దోసిట్లో పట్టుకొచ్చి పెట్టాడు. కూన ఒకటి నాకింది, రెండోది నమిలింది, తరవాత దోసిలంతా ఖాళీ చేసి ఇంకా ఉన్నాయేమోనని వాడి వేళ్ళు నాకింది. తల్లి కూనను దగ్గరకు తీసుకుని నిమిరింది. తరవాత మణికేతును వీపుమీద ఎక్కించుకుని అడవి దాటించింది. బూడిదజడల మాంత్రికుడు ఈ దారినే సముద్రంవైపు వెళ్ళాడని చెప్పి, ఒడ్డున ముసలి తాబేలుంటుంది, దాన్నడగమంది.

ఒడ్డున నిజంగానే పెద్ద తాబేలుంది. దాని వీపు మీద పదిమంది కూర్చోవచ్చు. వయసుడిగి, ఆకలితో మెడ ఇసకలో వాల్చేసి పడుకునుంది. మణికేతుకు జాలేసింది. తన మూట విప్పి, తనకెంతో ఇష్టమైన చింతపండు ముద్ద తీసి తాబేలు నోట్లో పెట్టాడు. తాబేలు ఉక్కిరిబిక్కిరై, దగ్గి దగ్గి, నీళ్ళలో మూతి ముంచుకుని చాలాసేపటికి తేరుకుంది.

"నాయనా, నన్ను చంపడానికొచ్చావా, బతికించడానికొచ్చావా?" అనడిగింది.

మణికేతు సిగ్గుతో తల వంచుకున్నాడు. తాను చేసిందీ, ఆ మాంత్రికుడు చేసిందీ ఒకటేనని వాడికి తోచింది. అప్పుడు, నీకేం కావాలి తాతా అని అడిగాడు. రాళ్ళ సందుల్లో పట్టిన పచ్చటి పాచి కావాలంది. ఆ పాచి కుళ్ళుకంపు కొడుతోంది.  అయినా ముక్కు బిగబట్టుకుని, పొద్దు వాలేదాకా రాళ్ళమీంచి గీకి గీకి కుప్పపోశాడు. తాబేలు కళ్ళు మూసుకుని ఆ పాచిని అమృతంలాగా తిన్నది.

కడుపు నిండాక అది సంగతంతా చెప్పింది. భస్మజటుడు ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంటాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకకు వాడు రోజూ తన చేత్తో, తనకిష్టమైన పాలూ చక్కెరా కలిపిన అన్నమే పెడతాడు. వాడి రుచే దాని రుచిగా ఉన్నంతకాలం ఏ కత్తికీ అది తెగదు. అది తన ఇష్టంతో, తానే కోరి మరొకటి తిన్నరోజున వాడి ప్రాణం దానిలో నిలవదు.

తాబేలు మణికేతును వీపుమీద ఎక్కించుకుని సముద్రంలోకి దిగింది. మొదటిది ఉప్పు సముద్రం. అది దాటేసరికి వాడి దగ్గరున్న మంచినీళ్ళన్నీ అయిపోయాయి. రెండోది చెరకురసం సముద్రం. ఏడు పగళ్ళు ఆ తీపి వాసనలో వాడు మొహానికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. నాలుక పిడచకట్టుకుపోయింది. తాగకపోతే చచ్చిపోతావు నాయనా అంది తాబేలు. తల్లిని తలుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని దోసిలి ముంచాడు. ఒక్కో గుక్కకూ ఒళ్ళంతా జలదరించింది. కళ్ళనీళ్ళు కారుతుండగానే తాగాడు. తరవాత కల్లు సముద్రం, నేతి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, చిట్టచివర మంచినీళ్ళ సముద్రం. అన్నీ దాటి దీవి ఒడ్డున దిగాడు.

దీవి నడుమ ఏడంతస్తుల మేడ. మేడ చుట్టూ తోట. తోటలో ఒక అమ్మాయి వేపాకు దూసి నోట్లో వేసుకుంటూ కనిపించింది. ఆమె చంపకనగర రాజు కూతురు, పేరు కువలయ. వంటలో ఆమెను మించినవాళ్ళు లేరని విని మాంత్రికుడు ఎత్తుకొచ్చి మూడేళ్ళుగా వంటశాలలో పెట్టాడు. వాడి చేతిమీదుగా వడ్డించింది ఏది తిన్నా తన ఇష్టాలు పోయి వాడి బానిస అవుతానని ఆమె గ్రహించింది. వాడికి చేదంటే పడదు. అందుకే ఆ వేపచెట్టు జోలికి రాడు. ఆమె ఆ వేపాకులూ, చెట్టు మొదట్లో దొరికే దుంపలూ తిని మూడేళ్ళు తన నాలుక దక్కించుకుంది.

మణికేతు తన కథ చెప్పాడు. ఆమె అంతా విని, చిలక సంగతి తనకు తెలిసినంత చెప్పింది. పైమేడలో బంగారు పంజరం ఉంది. వేపపళ్ళు పండే రోజుల్లో ఆ చిలక కిటికీ వంకే మెడ చాచి చూస్తూ ఉండడం ఆమెకు తోటలోంచి కనిపిస్తుంది. ఎందుకో ఆమెకు తెలియదు. పంజరం దగ్గరికి వెళ్ళడానికి ఆమెకు అనుమతి లేదు.

"వాడికొక పట్టింపు ఉంది రాకుమారా. ఇంటికొచ్చినవాడికి రోజుకొక పూట చొప్పున మూడు రోజులు వడ్డిస్తాడు. మూడు పూటలూ తినకుండా నిలిస్తే అడిగింది ఇస్తానంటాడు. ఇంతవరకూ ఒక్కరూ నిలవలేదు" అంది.

మణికేతు నేరుగా మేడలోకి వెళ్ళాడు. భస్మజటుడు చిరునవ్వుతో ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చాడు. మొదటిరోజు మధ్యాహ్నం వెండి కంచంలో పరమాన్నం వడ్డించాడు, జీడిపప్పులు తేలుతున్నాయి. మణికేతుకు అది పెద్ద పరీక్ష కాలేదు. రెండోరోజు పులిహోర, పచ్చిపులుసు, మామిడికాయ పప్పు, పెరుగులో ఊరిన మిరపకాయల వేపుడు వడ్డించాడు. అప్పటికి వాడు వేపాకు నమిలి ఒకరోజు గడిపాడు. కడుపు కాలిపోతోంది. రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దు తిరిగింది. ఆ కంచమూ తీసేశారు.

మూడోరోజు మాంత్రికుడు ఒకే ఒక్క గిన్నె తెచ్చాడు. పాత కంచుగిన్నె, అంచు కాస్త నొక్కుకుపోయి ఉంది. అది సుగంధిపురం నుంచి వాడెత్తుకొచ్చిన సుమనాదేవి గిన్నె. అందులో చింతచిగురు పప్పు. కంచంలో వేడివేడి అన్నంమీద పోసి, నెయ్యి వేసి ముందుకు జరిపాడు. ఏటా చిగురు వచ్చిన మొదటిరోజున తల్లి రాణివాసం వదిలి వంటింట్లోకి వచ్చి, తన చేత్తో వాడికోసం చేసే పప్పు అది. పోపులో ఎండుమిరపకాయ కాస్త మాడిన వాసనతో సహా అచ్చం అదే.

"తిను నాయనా. ఇది నీకిష్టమే కదా" అన్నాడు మాంత్రికుడు.

మణికేతు చెయ్యి దానంతటదే కంచంలోకి వెళ్ళింది. ముద్ద కలిపాడు. నోటిదాకా ఎత్తాడు.   మణికేతుకు మంచంమీద తల్లి కనిపించింది. ఈ పులుపు ఇప్పుడు ఆమె నాలిక్కి తెలియదు. ఊళ్ళో ఎవరికీ తెలియదు. తాను కూడా ఈ ముద్ద మింగితే, ఇదెలా ఉంటుందో చెప్పడానికి సుగంధిపురంలో ఇంకెవరూ మిగలరు. వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. తరవాత చిన్నపిల్లాడిలాగా ఏడ్చాడు.

భస్మజటుడి మొహంలో నవ్వు పోయింది. ఏం కావాలో అడగమన్నాడు. నీ చిలకకు ఒక్కసారి నా చేత్తో మేత పెట్టనివ్వు, అంతేనన్నాడు మణికేతు.  విషం పెడతాడేమోనని మాంత్రికుడికి అనుమానం వచ్చి, నువ్వు సగం తిన్నాకే మిగతా సగం దానికివ్వాలన్నాడు. మణికేతు సరేనన్నాడు. నూరేళ్ళుగా ఆ చిలక తన అన్నం తప్ప మరొకటి కోరలేదు. కోరుతుందన్న ఊహే మాంత్రికుడికి రాలేదు.

మేత తెచ్చిపెట్టడానికని మాంత్రికుడు ఆరోజు కువలయను కూడా రమ్మన్నాడు. ముగ్గురూ పైమేడ ఎక్కారు. పంజరంలో చిలక రెక్కలు వెలిసిపోయి, తల భుజంలో దాచుకుని కూర్చునుంది. మణికేతు పంజరం ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"చిలకా, నీకేం తినాలనుంది?"

చిలక తలెత్తి వాడివంక చూసింది.  ఆ మాట తననెవరూ ఎప్పుడూ అడగలేదు. చివరికి కిటికీవైపు తిరిగి, వినపడీ వినపడనట్టు వేపపండు అంది.

కువలయ కిందికి పరుగెత్తి, పసుపుపచ్చగా పండిన వేపపండొకటి తెచ్చి మణికేతు చేతిలో పెట్టింది. వాడు సగం కొరికి తిన్నాడు. చేదూ తీపీ కలిసిన ఆ జిగురు వాడికి నచ్చలేదు. మిగతా సగం పంజరం ఊచల దగ్గర పట్టుకున్నాడు.

భస్మజటుడు ఊచలు పట్టుకుని వంగాడు. "అది నీకు నచ్చదు తల్లీ. నీకేది నచ్చుతుందో నాకు తెలుసు" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, భయం ఉంది.

చిలక మెడ చాచి ఆ పండు అందుకుంది. కాలితో పట్టుకుని, మెల్లగా, గింజదాకా తిన్నది.

మేడ ఒక్కసారి కంపించింది. మాంత్రికుడి చేతులు ఊచలమీంచి జారిపోయాయి. జడలు రాలిపోయి, ఒళ్ళు ముడతలుపడి, నూరేళ్ళూ ఒక్కసారే మీదపడ్డట్టు నేలమీద కూలబడ్డాడు. ఆకలేస్తోందన్నాడు. మూడేళ్ళు తనను చెరపెట్టినవాడే అయినా, కువలయ పక్కన కూర్చుని ఏం కావాలో చెప్పమంది, చేసి పెడతానంది. ముసలివాడు పెదాలు కదిపాడు. కళ్ళు అటూ ఇటూ తిప్పాడు. చిన్నప్పుడు తనకేది ఇష్టంగా ఉండేదో గుర్తుచేసుకోవాలని ఎంతో పెనుగులాడాడు. గుర్తురాలేదు. మణికేతు వాడి నోట్లో గుక్కెడు మంచినీళ్ళు పోశాడు. ఆ నీళ్ళు గొంతు దిగుతుండగానే ప్రాణం పోయింది. ఇద్దరూ కలిసి వేపచెట్టు నీడన వాడికి దహనం చేశారు. పంజరం తలుపు తీయగానే చిలక ఎగిరొచ్చి ఆ చెట్టు కొమ్మమీదే ఉండిపోయింది.

తాబేలు ఇద్దరినీ ఏడు సముద్రాలూ దాటించింది. ఎలుగుబంటి అడవి దాటించింది. సుగంధిపురం పొలిమేరలో అడుగుపెడుతుండగానే మణికేతుకు ఒక ఇంట్లోంచి కేకలు వినిపించాయి. బెండకాయ జిగురని ఒక పిల్ల ఏడుస్తోంది, తల్లి కసురుకుంటోంది. పక్కింట్లో ఎవరో పులుసులో ఉప్పు లేదంటున్నారు. మణికేతు నడిబజారులో నిలబడి ఆ తగువులు కడుపునిండా విన్నాడు.

అన్నలు ఎదురొచ్చి కావలించుకున్నారు. తండ్రి కొడుకు చేతులు పట్టుకుని, తాను చేసిన తప్పు అందరిముందూ ఒప్పుకున్నాడు. కానీ సుమనాదేవి ఇంకా మంచంమీదే ఉంది. రుచి తిరిగొచ్చినా తినే ఓపిక రాలేదు. పెద్దకొడుకు ఘాటుగా కోడిపులుసు చేయించి తెచ్చాడు. నడిమివాడు గడ్డపెరుగు కలిపిన అన్నం తెచ్చాడు. మణికేతు చింతచిగురు పప్పు తెచ్చాడు. ముగ్గురూ తలా ఒక ముద్ద పట్టుకుని నిలబడ్డారు. ఆమె ముగ్గురివంకా ప్రేమగా చూసి, తల అడ్డంగా ఊపింది.

మణికేతు ముద్ద పక్కన పెట్టాడు. ఎలుగుబంటి కూనను కనిపెట్టి చూశాడు, తాబేలునడిగాడు, చిలకనడిగాడు. ఈ ఒక్క మాట ఇన్నేళ్ళలో తల్లినెప్పుడూ అడగలేదు.

"అమ్మా, నీకేది ఇష్టం?"

సుమనాదేవి కాస్త సిగ్గుపడింది. "సజ్జరొట్టె నాయనా. మా పుట్టింట్లో నువ్వులపొడితో తినేవాళ్ళం. ఇక్కడ మీకెవరికీ పడదని చేయించుకోలేదు" అంది.

రాజు తల పక్కకు తిప్పుకున్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ సంగతి ఆయనకూ తెలియదు.

కువలయ సజ్జపిండి ఎలా తట్టాలో చూపించింది. ముగ్గురు కొడుకులూ పొయ్యి ముందు కూర్చుని తలా ఒక రొట్టె తట్టారు. పెద్దవాడిది విరిగింది, నడిమివాడిది మందంగా వచ్చింది, మణికేతుది ఒకపక్క మాడింది. సుమనాదేవి మూడింటినీ తుంచుకుని, నువ్వులపొడి అద్దుకుని తిన్నది. వారం తిరిగేసరికి లేచి కూర్చుంది. నెల తిరిగేసరికి తానే లేచి నడిచింది.

చంపకనగర రాజుకు కబురు వెళ్ళింది. ఆయన వచ్చి, మూడేళ్ళ తరవాత కూతుర్ని చూసుకుని, మణికేతుకు కన్యాదానం చేశాడు. పెళ్ళిభోజనాలకు వంటవాళ్ళు విస్తరి విస్తరికీ వంగి, మీకేం కావాలని అడిగి మరీ వడ్డించారు. పొద్దున మొదలైన పంక్తి దీపాలు పెట్టే వేళకు లేచింది. ఒక్కరూ విసుక్కోలేదు.

అన్నలిద్దరూ కోరగా ధవళవర్మ మణికేతుకు పట్టంగట్టాడు. పెద్దన్న సేనాపతి, నడిమన్న మంత్రి అయ్యారు. మణికేతూ కువలయా అరవై ఏళ్ళు ఆ రాజ్యాన్ని ఏలారు. ఆ అరవై ఏళ్ళలో సుగంధిపురంలో ఆకలితో పడుకున్నవాళ్ళు లేరు, వద్దన్నందుకు దెబ్బలు తిన్న పిల్లలూ లేరు. వాళ్ళు అక్కడ సుఖంగా ఉన్నారు, ఈ కథ విన్న మనం ఇక్కడ చల్లగా ఉందాం.